వెన్నెముక కథను చేతికందించే నమూనాల పెట్టె: ఒక సమీక్ష

ఎముకల నమూనాలను పోతపోసి అమ్మే ఒక సంస్థ నుంచి తెప్పించుకున్న వెన్నెముకల పెట్టెను నేను ఆరు నెలలుగా పాఠం చెప్పడానికి వాడుతున్నాను. ఇందులో అసలు పరిమాణంలో నాలుగు పూర్తి వెన్నెముకలు ఉన్నాయి: రీసస్ కోతి, గిబ్బన్, చింపాంజీ, మనిషి. వీటితోపాటు మూడు శిలాజాల నడుము భాగాల నకళ్ళు, కొన్ని తుంటి ఎముకలు, చివరి పక్కటెముకలు, ఒక చిన్న వివరణ పుస్తకం వచ్చాయి. నమూనాలు మంచివి. పుస్తకం మాత్రం వాటికి తగినట్టుగా లేదు. కొనదలచినవారికి ఈ రెండింటి మధ్య తేడా ముందే తెలియాలి కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. తోక ఉన్న జాతులను కోతులని, గిబ్బన్, ఒరంగుటాన్, గొరిల్లా, చింపాంజీ వంటి తోకలేని జాతులను వానరాలని ఈ సమీక్షలో పిలుస్తాను. ఈ తేడాను పాటించకపోతే వెన్నెముక చరిత్ర మొదటి అడుగులోనే తప్పుదారి పడుతుంది.

ముందుగా పనితనం గురించి చెప్పాలి. పూసలను గట్టి రెజిన్‌తో పోశారు. ప్రతి పూసనూ విడిగా తీయవచ్చు. మధ్యలో సాగే తాడు గుచ్చి, పూసకూ పూసకూ నడుమ రబ్బరు బిళ్ళలు పెట్టారు. పూసల వెనుక ఒకదానిపై ఒకటి జారే చిన్న కీలు ముఖాలను చాలా శ్రద్ధగా పోశారు. వేలితో తడిమితే వాటి వాలు స్పష్టంగా తెలుస్తుంది. చవక నమూనాల్లో మొదట చెడిపోయే భాగం ఇదే. ఇది సరిగా లేకపోతే మిగతా పూస ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు, ఎందుకంటే వెన్ను ఏ వైపు ఎంత వంగగలదో, ఏ వైపు వంగలేదో నిర్ణయించేది చాలావరకు ఈ ముఖాలే.

పెట్టెలోని మొదటి మేలు కోతి పూసనూ గిబ్బన్ పూసనూ పక్కపక్కన పట్టుకున్నప్పుడే కనిపించింది. నడుము పూసకు రెండు పక్కలా రెక్కల్లా చాచి ఉండే ముళ్ళను పాఠ్యపుస్తకాలు తిర్యక్ ప్రవర్ధాలంటాయి. కోతిలో ఇవి పూస దిమ్మ, అంటే పూసకు ముందుండే బరువు మోసే గుండ్రటి భాగం, పక్కల నుంచే మొలిచి ముందుకు వాలి ఉంటాయి. గిబ్బన్‌లోనూ చింపాంజీలోనూ మనిషిలోనూ అవి వెనక్కి జరిగి, దిమ్మ వెన్నుపాము చుట్టూ ఉండే వలయాన్ని కలిసే చోటు నుంచి బయలుదేరతాయి. చిన్న మార్పుగానే కనిపిస్తుంది గాని దీని వెనుక మొండెం ఆకారమంతా మారిన చరిత్ర ఉంది. కోతి ఛాతీ లోతుగా, ఇరుకుగా ఉంటుంది, వెన్నెముక దాని వెనుక అంచున ఉంటుంది. వానరాలలో ఛాతీ వెడల్పై, వెన్నెముక దాని లోపలికి చొచ్చుకుని వచ్చి, భుజపుటెముకలు పక్కల నుంచి వీపు మీదికి చేరాయి. కొమ్మల మీద నాలుగు కాళ్ళతో పరుగెత్తే శరీరం చేతులతో వేలాడే, నిటారుగా ఎగబాకే శరీరంగా మారిన గుర్తు ఈ ముల్లు మొదట్లో నిలిచి ఉంది.

ఈ మార్పు ఎప్పుడు జరిగిందన్న ప్రశ్నకు పుస్తకం ఒకే వాక్యంలో జవాబు చెప్పి ముందుకు సాగింది. నిజానికి అక్కడే ఆగవలసింది. కెన్యాలో విక్టోరియా సరస్సులోని మ్ఫంగానో దీవిలో దొరికిన ఎకెంబో అనే ప్రాచీన వానరపు శిలాజం దాదాపు 1 కోటి 80 లక్షల ఏళ్ళ నాటిది. దానికి తోక లేదని పరిశీలకులు భావిస్తున్నారు, కాని నడుము పొడవుగా, పూసలు కోతి పూసల మాదిరిగా ఉన్నాయి. ఉగాండాలోని మొరోటో వద్ద దొరికిన మొరోటోపితెకస్ అంతకంటే పాతది, 2 కోట్ల ఏళ్ళు దాటినది. అయినా దాని నడుము పూసలో తిర్యక్ ప్రవర్ధాలు ఈనాటి వానరాలలో వలె వెనక్కి జరిగి ఉన్నాయి. స్పెయిన్‌లోని బార్సెలోనా సమీపంలో తవ్వి తీసి 2004లో ప్రకటించిన పియరోలాపితెకస్ దాదాపు 1 కోటి 20 లక్షల ఏళ్ళ నాటిది. దాని పూస కూడా వానరాల తీరుదే. పాతదానిలో కొత్త లక్షణం, తరువాతి దానిలో పాత లక్షణం కనిపిస్తున్నాయంటే, వెన్నెముక ఒకే నిచ్చెన ఎక్కుతూ రాలేదని, వేర్వేరు కొమ్మల్లో వేర్వేరు కాలాల్లో మారిందని అర్థం. పెట్టె మూత లోపల మాత్రం కోతి, గిబ్బన్, చింపాంజీ, మనిషి బొమ్మలను ఎడమ నుంచి కుడికి వరుసగా నిలబెట్టి, వంగిన వీపు క్రమంగా నిటారు అయినట్టు గీశారు. ఈ పెట్టె మీద నా ప్రధానమైన అభ్యంతరం ఆ బొమ్మే.

ఆ బొమ్మ ఎందుకు తప్పో పెట్టెలోని చింపాంజీ వెన్నెముకే నిరూపిస్తుంది. దానికి తుంటి ఎముకలను తగిలించి, చివరి పక్కటెముకలను గుచ్చి, నడుము వంచడానికి ప్రయత్నించండి. ఎంత నొక్కినా అది దాదాపు కదలదు. నడుము పూసలు తక్కువ, వాటికి రెండు పక్కలా ఎత్తయిన తుంటి ఎముకలు గోడల్లా లేచి చివరి పూసలను బిగించి పట్టుకుంటాయి, పై నుంచి పక్కటెముకల గూడు దాదాపు తుంటి మీదికి దిగి వస్తుంది. అంటే చింపాంజీ వీపు వంగినది కాదు, బిగుసుకున్నది. పెద్ద శరీరంతో చెట్లెక్కేటప్పుడు, ఒక కొమ్మ నుంచి మరో కొమ్మకు బరువును మోసుకుపోయేటప్పుడు నడుము ఊగిపోకుండా ఈ బిగువు కాపాడుతుంది. కాని అదే బిగువు వల్ల చింపాంజీ రెండు కాళ్ళపై నిలబడినప్పుడు నడుమును లోపలికి ఒంచి మొండెం బరువును తుంటి కీళ్ళ మీదికి తెచ్చుకోలేదు. మోకాళ్ళూ తుంటీ వంచి, కండరాల బలంతో నిలబడాలి. మనిషి వెన్ను చింపాంజీ వెన్నును లేపి నిలబెడితే వచ్చినది కాదు. పొడవైన, కదిలే నడుము, దానికి లోపలి ఒంపు, పొట్టిగా వెడల్పై పక్కలకు విచ్చుకున్న తుంటి ఎముకలు, ఇవన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. మన వంశపు తొలి జీవుల్లో ఒకటిగా భావించే, నలభై నాలుగు లక్షల ఏళ్ళ నాటి ఆర్డిపితెకస్‌లో నడుము పూసలు సరిగా దొరకలేదు గాని, దాని తుంటి ఎముకల పై భాగం అప్పటికే పొట్టిగా, వెడల్పుగా ఉన్నట్టు 2009లో ప్రచురించిన పునర్నిర్మాణం చూపింది.

ఇక పూసల లెక్క దగ్గరకు వస్తాను. ఈ పెట్టెలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఆనందం, ఎక్కువ అసంతృప్తి కలిగించిన విషయం ఇదే. మెడలో అందరికీ 7 పూసలే. ఆ కిందనే తేడాలు మొదలవుతాయి. రీసస్ కోతికి సాధారణంగా పక్కటెముకలున్న పూసలు 12, నడుము పూసలు 7. గిబ్బన్‌కు 13, 5. మనిషికి 12, 5. చింపాంజీకి 13 పక్కన నడుము పూసలు 3 గాని 4 గాని ఉంటాయి. పెట్టెలోని చింపాంజీకి 3 పెట్టారు, పుస్తకం కూడా 3 అనే తేల్చి రాసింది. అది అబద్ధం కాదు, కాని ఆ ఒక్క అంకెతో ఒక గొప్ప విషయం మరుగునపడింది. నడుములో 4 పూసలున్న చింపాంజీని తీసుకుంటే 13కు 4 కలిపి 17, మనిషికి 12కు 5 కలిపి 17. మొత్తం అదే, ఛాతీకీ నడుముకీ మధ్య గీత మాత్రం ఒక పూస పైకి జరిగింది. చింపాంజీలో పక్కటెముక మోసే చివరి పూస స్థానంలో ఉన్నది మనిషిలో పక్కటెముక లేని నడుము పూస అయింది. కొత్త పూస పుట్టనక్కరలేదు, ఉన్న పూస తన గుర్తింపును మార్చుకుంటే చాలు.

పూస తన గుర్తింపును మార్చుకోవడం అంటే ఏమిటో పిండం పెరిగే తీరు చెబుతుంది. తల నుంచి తోక దాకా ఏ పూస ఏ రకంగా తయారుకావాలో హాక్స్ జన్యువులు నిర్దేశిస్తాయి. ఎలుకల్లో హాక్స్10 సమూహంలోని జన్యువులను పూర్తిగా పనిచేయకుండా చేసినప్పుడు నడుము పూసల మీద కూడా పక్కటెముకలు మొలిచాయని 2003లో ప్రచురితమైన ప్రయోగం చూపింది. హాక్స్11 సమూహాన్ని ఆపినప్పుడు త్రికాస్థి (నడుము కింద, తుంటి ఎముకల మధ్య పూసలు కలిసిపోయి ఏర్పడే ఎముక) ఏర్పడవలసిన చోట పూసలు నడుము పూసల రూపంలోనే ఉండిపోయాయి. అందుకే ఒకే జాతిలో కూడా ఈ సరిహద్దులు అటూ ఇటూ జరుగుతుంటాయి. మనుషుల్లోనూ కొందరికి నడుము పూసలు నాలుగో ఆరో ఉంటాయి. పుస్తకంలో ఒక్కో జాతికి ఒక్కో అంకె రాయడానికి బదులు ఈ మార్పుల పరిధిని ఒక చిన్న పట్టికగా ఇచ్చి, అదనంగా ఒక చింపాంజీ పూసను పెట్టెలో ఉంచి ఉంటే ఎంత బాగుండేదో. తోక పోవడం గురించి రాసిన పేజీ మాత్రం సరిగా ఉంది. టీబీఎక్స్‌టీ అనే జన్యువులో ఆలు అనే చిన్న డీఎన్ఏ ముక్క వచ్చి చేరడానికీ వానరాలు తోక కోల్పోవడానికీ సంబంధం ఉందని 2024లో వచ్చిన పరిశోధనను అందులో చేర్చారు.

సరిహద్దు జరగడమంటే ఏమిటో కళ్ళకు కట్టే వస్తువు ఈ పెట్టెలోనే ఉంది, కాని పుస్తకం దాన్ని గుర్తించలేదు. దక్షిణాఫ్రికాలోని స్టెర్క్‌ఫాంటైన్ గుహల్లో 1947లో దొరికిన ఎస్‌టీఎస్ 14 అనే, రెండు కాళ్ళపై నడిచిన తొలి మానవ బంధువు ఆస్ట్రలోపితెకస్ ఆఫ్రికానస్ అస్థిపంజరపు నడుము నకలు అది. ఆ వరుసలో పై పూసను తీసి రెండు పక్కలా తడిమి చూడండి. ఒక పక్క పక్కటెముక కీలు కోసం చిన్న గుంట ఉంటుంది, రెండో పక్క నడుము పూసకు ఉండే ముల్లు ఉంటుంది. ఒకే పూస ఒక వైపు ఛాతీది, మరో వైపు నడుముది. దీన్ని నడుములో లెక్కిస్తే ఆ ప్రాణికి 6 నడుము పూసలు, ఛాతీలో లెక్కిస్తే 5. మొదట ఆరని రాశారు, తరువాత ఐదు అనే వాదన బలపడింది. నకలు పోసినవారు ఆ రెండు పక్కల తేడాను ఎక్కడా చదును చేయకుండా ఉంచారు, అందుకు వారిని మనసారా మెచ్చుకుంటున్నాను. పుస్తకం రాసినవారు మాత్రం దాన్ని చూడకుండానే ఆరని రాసి వదిలేశారు.

తొలి మానవులకు 6 నడుము పూసలు ఉండేవన్న పాత మాటనే పుస్తకం నారియోకోటోమే బాలుడనే తొలి మానవుడి విషయంలోనూ అనుసరించింది. 1984లో కెన్యాలోని టర్కానా సరస్సు పడమటి తీరాన కమోయా కిమేయు కనుగొన్న ఆ అస్థిపంజరం దాదాపు 15 లక్షల ఏళ్ళ నాటిది. మొదట దాని నడుములో 6 పూసలని లెక్కించారు. తరువాత గుర్తించిన పూస, పక్కటెముక ముక్కలను కలిపి మళ్ళీ పరిశీలించి, మనలాగే 12, 5 అని 2011లో ప్రచురించారు. ఒక దశాబ్దానికి పైగా పాతదైన దిద్దుబాటు కొత్తగా అచ్చయిన పుస్తకంలో లేకపోవడం క్షమించదగిన లోపం కాదు. ఈ రంగంలో దిద్దుబాట్లు అరుదేమీ కాదు. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో దొరికిన లూసీ అనే ఆస్ట్రలోపితెకస్ అస్థిపంజరంలో దశాబ్దాలపాటు ఆమెదిగా లెక్కించిన ఒక చిన్న పూస ముక్క నిజానికి జెలాడా జాతికి చెందిన ఒక బబూన్‌దని 2015లో తేలింది. ఒక్కో పూసను అంత జాగ్రత్తగా తిరగేసి చూసే పరిశోధకులున్న రంగమిది. వారి శ్రమను పాఠకులకు చేరవేసే పుస్తకం కూడా అంత జాగ్రత్తగా ఉండాలి.

నడుము ఒంపు విషయంలో నమూనాకు ఒక నిజమైన లోపం ఉంది. మనిషి నడుము లోపలికి ఒంగడానికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. కింది నడుము పూసల దిమ్మలు ముందు ఎత్తుగా, వెనుక పొట్టిగా ఉంటాయి. వాటి మధ్యనున్న డిస్కులు కూడా అదే తీరున, ముఖ్యంగా చివరి పూసకూ త్రికాస్థికీ నడుమ, ముందు మందంగా, వెనుక పలుచగా ఉంటాయి. పూసలను సరిగానే పోశారు గాని, డిస్కులుగా పెట్టిన రబ్బరు బిళ్ళలన్నీ ఒకే మందంతో చదునుగా ఉన్నాయి. ఆ కారణంగా పెట్టెలోంచి తీసిన మనిషి వెన్నెముక ఉండవలసిన దానికంటే నిలువుగా నిలబడుతుంది, చూసేవారికి ఒంపంతా ఎముకలోనే ఉందనిపిస్తుంది. నేను కింది మూడు బిళ్ళలను పదునైన కత్తితో వెనుక వైపు పలుచగా చెక్కాను. ఆ ఒక్క సవరణతో నడుము ఒంపు సరైన రూపానికి వచ్చింది. కొన్నవారందరూ ఈ పని చేసుకోవాలని నా సలహా.

ఈ వెన్నెముక ఆడదో మగదో కూడా పుస్తకం చెప్పలేదు, అది చెప్పి తీరవలసిన విషయం. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధన ప్రకారం పురుషులలో ముందు ఎత్తు, వెనుక పొట్టి అనే ఆకారం చివరి రెండు నడుము పూసలలో కనిపిస్తే, స్త్రీలలో చివరి మూడింటిలో కనిపిస్తుంది. గర్భంలో బిడ్డ బరువు ముందుకు లాగుతున్నప్పుడు స్త్రీ నడుమును మరింత ఒంచి బరువును మళ్ళీ తుంటి కీళ్ళ మీదికి తెచ్చుకుంటుంది. ఒంపు మూడు పూసలకు పంచినందువల్ల ఏ ఒక్క పూస మీదా ఒత్తిడి మితిమీరదు. చింపాంజీలలో ఇటువంటి స్త్రీపురుష భేదం లేదు. అదే పరిశోధన ఎస్‌టీఎస్ 14ను, అక్కడే దొరికిన మరో అస్థిపంజరాన్ని పోల్చి, ఆస్ట్రలోపితెకస్‌లోనే ఈ భేదం ఉందని సూచించింది. నిటారుగా నడిచే తల్లి కడుపుతో ఉండి తిండి వెతుక్కుంటూ తిరిగిన కాలపు గుర్తు ఒక్క పూస ఆకారంలో మిగిలి ఉండటం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. నా కొలతలను బట్టి పెట్టెలోని మనిషి వెన్నెముక మగదనిపిస్తోంది. ఎస్‌టీఎస్ 14 నకలు మాత్రం మూడు పూసల తీరును చక్కగా చూపుతుంది, రెండింటినీ పక్కన పెడితే పాఠం సగం తానే చెప్పుకుంటుంది.

శిలాజాల నకళ్ళలో రెండవది, నా దృష్టిలో పెట్టెకే తలమానికమైనది, ఇస్సా నడుము. దక్షిణాఫ్రికాలోని మలాపాలో 2008లో బయటపడిన ఆస్ట్రలోపితెకస్ సెడిబా అస్థిపంజరాలలో ఈ స్త్రీది ఒకటి, దాదాపు 20 లక్షల ఏళ్ళ నాటిది. పాత గనుల దారి రాళ్ళలో 2015లో కనిపించిన రాతి దిమ్మలో ఆమె నడుము పూసలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. రాతిని పగలగొడితే పూసలు దెబ్బతినే ప్రమాదం ఉండటంతో, సూక్ష్మ సీటీ స్కానింగ్ చేసి, కంప్యూటర్‌లోనే రాతి నుంచి వేరుచేసి, 2021లో ప్రచురించారు. ఆ స్కానుల ఫైళ్ళు మార్ఫోసోర్స్ అనే వెబ్ భాండాగారంలో అందరికీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. నేను నకలును వాటితో పోల్చి చూశాను, తేడా కనిపించలేదు. ఇస్సా నడుములో ఒంపు బలంగా ఉంది, కీలు ముఖాల మధ్య దూరం పై నుంచి కిందికి పెరుగుతూ పోతుంది. ఈ పెరుగుదల మనిషిలోనూ ఉంది, చింపాంజీలో లేదు. నడుము వెనక్కి ఒంగినప్పుడు పై పూస కీళ్ళు కింది పూస వలయాన్ని ఒరుసుకోకుండా జాగా ఇచ్చేది ఇదే. అయితే అదే పూసలకు పక్కలనున్న ముళ్ళు దళసరిగా, పైకి తిరిగి, పెద్ద వానరాల పూసలను గుర్తుచేస్తాయి. చెట్లెక్కడానికి వాడే మొండెపు కండరాలు వాటికి బలంగా అతుక్కున్నాయన్నమాట. నేల మీద నిటారుగా నడుస్తూనే చెట్లను విడిచిపెట్టని శరీరం అది. ఈ ఒక్క నకలు కోసమే పెట్టె కొనవచ్చు.

మూడవది ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలో 1983లో దొరికిన నియాండర్తల్ (మనకు దగ్గరి బంధువైన, అంతరించిన మానవజాతి) నడుము. నకలు బాగుంది, పుస్తకంలోని వివరణ అతి క్లుప్తం. ఫ్రాన్స్‌లోని లా షపెల్ ఒ సాఁ వద్ద 1908లో దొరికిన నియాండర్తల్‌ను శిలాజ శాస్త్రవేత్త మార్సెలిన్ బూల్ వంగిన వీపుతో చిత్రించడం, ఆ బొమ్మ దశాబ్దాలపాటు ప్రజల మనసుల్లో నిలిచిపోవడం, అదే అస్థిపంజరాన్ని మళ్ళీ పరిశీలించి మనలాంటి ఒంపే ఉందని 2019లో వాదించడం, ఈ కథ చెప్పి ఉంటే మూతలోని బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నవారికి అర్థమయ్యేది.

మన ఉమ్మడి పూర్వీకుల నడుము పొడవా, పొట్టా అన్న వివాదాన్ని పుస్తకం తాకనే లేదు. చింపాంజీ, గొరిల్లా మాదిరి పొట్టి నడుము నుంచి మన వంశం అదనపు పూసను సంపాదించుకుందని ఒక పక్షం, పొడవైన నడుమే పాతదని, పెద్ద వానరాలు వేర్వేరుగా దాన్ని కుదించుకున్నాయని మరో పక్షం. ఇటలీలో 1958లో వెలికితీసిన ఒరియోపితెకస్ అనే అంతరించిన వానరానికి 5 నడుము పూసలు ఉండటం రెండవ పక్షానికి కొంత బలమిస్తుంది. గొరిల్లా, చింపాంజీలు ఇంత దగ్గరగా పోలి ఉండటం మొదటి పక్షానికి బలమిస్తుంది. నా మొగ్గు మధ్యస్థంగా, నాలుగైదు పూసల పూర్వీకుని వైపే, కాని పెట్టెలోని ఏ వస్తువూ దీన్ని తేల్చదు. కనీసం ఒక ఒరంగుటాన్ నడుమైనా చేర్చి ఉంటే విద్యార్థులు తామే వాదించుకునేవారు. పెద్ద వానరాలలో మన నుంచి అందరికంటే ముందు విడిపోయిన ఆ జాతికి సాధారణంగా 12 పక్కటెముకల పూసలు, 4 నడుము పూసలు ఉంటాయి.

నడుము నొప్పి గురించి పుస్తకం చివర ఒక పేజీ ఉంది. నిటారుగా నిలబడినందుకు మనిషి కట్టిన మూల్యం అని అందులో రాశారు. అంత తేలికగా అనేయలేం. డిస్కు పూస దిమ్మలోకి చొచ్చుకువచ్చి గుంట చేసే ష్మోర్ల్ కణుపులు ఉన్న మనిషి పూసలు, లేనివాటికంటే చింపాంజీ పూసల ఆకారానికి దగ్గరగా ఉన్నాయని 2015లో ఒక అధ్యయనం చెప్పింది. అంటే తప్పు నిటారు నడకది కాకపోవచ్చు. ఒక్కో మనిషిలో పాత ఆకారం ఎంత మిగిలిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చింపాంజీ పూసను, మనిషి పూసను చేతిలో పట్టుకుని ఈ పేజీ చదివేవారికి ఆ ఆలోచన తప్పక వస్తుంది, పుస్తకం రాసినవారికి ఎందుకు రాలేదో అర్థం కాలేదు.

వాడకంలో ఇతర ఇబ్బందులు చిన్నవే. గిబ్బన్ వెన్నెముకలోని తాడు నాలుగో నెలలో సాగిపోయింది, కొత్తది గుచ్చడానికి అరగంట పట్టింది. తుంటి ఎముకలను పట్టి ఉంచే అయస్కాంతాలు బలహీనంగా ఉన్నాయి. రీసస్ తోక చివరి పూసలు చాలా చిన్నవి కనుక చిన్నపిల్లలకు అందనివ్వకూడదు. ఆరు పూసల లెక్క గురించీ మూతలోని బొమ్మ గురించీ సంస్థకు రాశాను. లెక్కను తరువాతి ముద్రణలో సరిచేస్తామన్నారు, బొమ్మ గురించి ఏమీ అనలేదు. జీవశాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం, ఫిజియోథెరపీ బోధించేవారికి ఈ పెట్టెను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పుస్తకం చదివి తామే నేర్చుకోవాలనుకునేవారు మాత్రం ఇస్సా స్కానులను తెరిచి పక్కన ఉంచుకుని చదవాలి. నేను పాఠానికి కూర్చునేటప్పుడు నాలుగు వెన్నెముకలను మూతలోని వరుసలో పెట్టను. కోతిని ఒక చివర ఒంటరిగా, గిబ్బన్‌ను కొంచెం దూరంగా ఉంచి, చింపాంజీని మనిషినీ ఎదురెదురుగా, వాటి మధ్య ఎస్‌టీఎస్ 14లోని ఆ రెండు ముఖాల పూసను పెడతాను.